కాంటా మీద మా ఆయన

నాకు భయం ఎక్కువ. గొప్పగా చెప్పుకునే సంగతేమీ కాదు, కానీ దాచి లాభం లేదు. ఇంట్లో ఎవరైనా రెండుసార్లు తుమ్మితే నాకు గుండె జారుతుంది. తెల్లవారకముందు ఫోన్ మోగితే ఎవరో పోయారనే అనుకుంటాను. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను కీడెంచడం దగ్గరే ఆగిపోతాను, మేలు దాకా పోను.

ఈ భయం నాకు పద్దెనిమిదో ఏట పట్టుకుంది. మా తల్లిగారిల్లు జనగామ దగ్గర. మా బాపు వ్యవసాయం చేసేవాడు, మనిషి దుక్కలా ఉండేవాడు. ఒకరోజు తల తిరుగుతుందంటే జనగామ దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు చేతికి పట్టీ చుట్టి బీపీ చూశాడు, మళ్లీ చూశాడు, చీటీ రాశాడు. తొమ్మిదో రోజు పొద్దున అరుగు మీద చాయ్ తాగుతూ కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. అప్పుడాయనకు నలభై ఏడు. ఆ బీపీ ఎన్నేళ్ల నుంచి ఉందో ఏమో, ఎవరూ చూడకపోవడం వల్లే ఆయన పోయాడని ఇప్పుడు నాకు బాగా తెలుసు. కానీ అప్పటి పిల్ల మనసులో ఇంకోలా నాటుకుంది. పరీక్ష చేయించేదాకా బాగున్నాడు, చేయించాక పోయాడు. అది తప్పని నా బుద్ధి ఒప్పుకుంటుంది, గుండె ఒప్పుకోదు.

పెళ్లయ్యాక రేగొండకు వచ్చాను. ఇరవై ఏళ్లుగా ఇక్కడే అంగన్‌వాడీ టీచర్‌ని. పిల్లలకు పాటలు నేర్పడం, గుడ్లు, పాలు ఇవ్వడం ఒక ఎత్తయితే, నెలనెలా వాళ్ల బరువు తూచి రాయడం ఒక ఎత్తు. పిల్ల బాగుంటే పట్టిక మీద ఆకుపచ్చలో ఉంటుంది, జారితే పసుపు, మరీ జారితే ఎరుపు. తల్లులకు నేను ఎప్పుడూ ఒకటే చెప్తాను. ఒక నెల బరువు పెరగకపోతే చూద్దాం, తగ్గిందంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు, దవాఖానకు పోవాలి. ఈ మాట నేను ఎన్ని వందల సార్లు చెప్పి ఉంటానో నాకే తెలియదు.

మా ఆయనకు పరకాల రోడ్డు మీద మోటార్ వైండింగ్ దుకాణం. చుట్టుపక్కల పొలాల్లో కాలిపోయిన మోటార్లన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. పొద్దున స్టూలు మీద కూర్చుంటే రాగి తీగ చుడుతూ చీకటి పడేదాకా లేవడు. కూర్చుని చేసే పని కదా, పొట్ట ముందుకొచ్చింది. చొక్కా గుండీలు పొట్ట దగ్గర పోట్లాడుకునేవి. ఆయనకు దాని మీద ఏ చింతా లేదు. "పొట్ట లేకుంటే దుకాణందారని ఎవడు నమ్ముతడే?" అని నవ్వేవాడు.

ఆయనకు నలభై ఆరు నిండగానే నాకు నిద్ర పట్టడం మానేసింది. ఇంకొక్క ఏడాదిలో మా బాపు వయసు వస్తుంది. పరీక్షలు చేయిద్దామని ఎవరైనా అనుకుంటారు. నేను అనుకోలేదు. మా సెంటర్లో షుగర్, బీపీ శిబిరం పెట్టినప్పుడల్లా వాడవాడలా తిరిగి జనాన్ని పిలుచుకొచ్చి వరసలో నిలబెట్టేదాన్ని. నా వేలు మాత్రం ఎన్నడూ ఇవ్వలేదు, మా ఆయన వేలు ఇప్పించలేదు. చెప్పేవి శ్రీరంగనీతులు అంటారే, అచ్చంగా అదే. పరీక్షకు బదులు పథ్యం మొదలుపెట్టాను. రోగం రాకుండా చేస్తే పరీక్షతో పనేముంది అనుకున్నాను.

పొద్దున ఐదున్నరకు లేపి హైస్కూల్ గ్రౌండ్‌లో నడిపించడం. అక్కడ మంచు గడ్డి మీద కాసేపు చెప్పుల్లేకుండా నడిస్తే కళ్లకు మంచిదని ఫోన్లో ఎవరో పంపారు, అదీ చేయించాను. రాత్రి అన్నం బందు, రెండు జొన్నరొట్టెలు. చాయ్‌లో చక్కెర సగం, కూరలో ఉప్పు సగం. రోజుకు మూడు సీసాల నీళ్లు. పచ్చడి సీసా నా బీరువాలోకి పోయింది. ఆయన మంచివాడు, గొణిగినా చేసేవాడు. "నీ చేతి బువ్వ కంటే మీ అంగన్‌వాడీల నా పేరు రాయించుకున్నది నయం. ఒక గుడ్డన్న వస్తది" అనేవాడు.

మూడు నెలలు తిరిగేసరికి మనిషి తగ్గడం మొదలైంది. గుండీలు ఊపిరి పీల్చుకున్నాయి. నాలుగో నెలకు ప్యాంటు నిలవడం లేదని దుకాణంలోనే మేకుతో బెల్టుకు రెండు కొత్త రంధ్రాలు కొట్టుకున్నాడు. నేను పొంగిపోయాను. దారిన పోయే ఆడవాళ్లు ఆపి మరీ అడిగేవాళ్లు, టీచరమ్మా, అన్న గిట్ల ఎట్ల తగ్గిండని. నేను అక్కడే నిలబడి పావుగంట చెప్పేదాన్ని. నా మాట విని ఇంకో ఇద్దరు ముగ్గురు మగవాళ్లు కూడా గ్రౌండ్‌కు రావడం మొదలుపెట్టారు. జీవితంలో మొదటిసారి భయం కాస్త వెనక్కు తగ్గినట్టు అనిపించింది.

ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఆయన ఒంట్లో కనిపించిన ప్రతిదానికీ నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. మూడు సీసాలు తాగమంటే ఆరు తాగుతున్నాడు. మంచి అలవాటు పడింది అనుకున్నాను. రాత్రి నాలుగైదు సార్లు లేస్తున్నాడు. అన్ని నీళ్లు తాగితే లేవడా మరి? పొద్దున నడిచొచ్చి అలిసిపోయి గోడకు ఆనుకుంటున్నాడు, అది నడక అలసట. ఎంత తిన్నా ఆకలంటున్నాడు, అది అన్నం తగ్గించినందుకు. సన్న తీగ మసకగా కనిపిస్తోందన్నాడు. చాళీసం వచ్చిందని అద్దాలు ఇప్పించాను. మాఘమాసం దగ్గర పడ్డా సాక్సులు విప్పడం లేదు. చలికి తట్టుకోలేకపోతున్నాడు అనుకున్నాను.

ఒక్కదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఒకనాటి ఉదయం బాత్రూం కడుగుదామని పోతే తూము దగ్గర నల్లచీమలు బారులు తీరి ఉన్నాయి. అక్కడ తీపి పడే అవకాశమే లేదు. మా చిన్నప్పుడు నానమ్మ చెప్పేది, పోసిన కాడ చీమలు పట్టిన మనిషికి షుగర్ ఉన్నట్టని. చీపురు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.  తర్వాత ఏం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. బకెట్ నీళ్లు కొట్టి కడిగేశాను. కిరాణం దుకాణానికి పోయి చీమల సుద్ద తెచ్చి తూము చుట్టూ గీత గీశాను. వారానికి మళ్లీ వచ్చాయి, మళ్లీ గీశాను. ఎవరికీ చెప్పలేదు, ఆయనకు కూడా. ఇంట్లో బెల్లం పొడి ఏదో పడి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. రోజూ పొద్దున అందరికన్నా ముందు లేచి బాత్రూం కడిగేదాన్ని.

ఇంతలో రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర దగ్గర పడింది. మా అత్తమ్మ, గార్ల అనే ఊళ్లో, చిన్నకొడుకు దగ్గర ఉంటుంది. జాతర ఏడాది వస్తే మాత్రం వారం ముందే రేగొండ వచ్చేస్తుంది. దానికి కారణం ఉంది. మా ఆయన ఒకసారి పొలం దగ్గర మోటార్ చూస్తుంటే కరెంటు కొట్టి గట్టు మీద ఎగిరి పడ్డాడు. బతుకుతాడనుకోలేదు. అప్పుడు మా అత్తమ్మ మొక్కుకుంది, కొడుకు లేచి తిరిగితే ప్రతి జాతరకు సమ్మక్క తల్లికి నిలువెత్తు బంగారం ఇస్తానని. బంగారమంటే మా దగ్గర బెల్లమే. మనిషిని కాంటాలో ఒకవైపు కూర్చోబెట్టి, ఇంకోవైపు ఆ మనిషి బరువుకు సరిపోయే బెల్లం పెట్టి, ఆ బెల్లాన్ని తీసుకుపోయి మేడారంలో అమ్మవార్ల గద్దెల దగ్గర సమర్పిస్తారు. మా ఆయన తూకానికి ఇది మూడోసారి.

అత్తమ్మ దిగిన మర్నాడు పొద్దున నాతోపాటు సెంటర్‌కు వచ్చింది. పిల్లలంటే ఆమెకు ప్రాణం. ఆ రోజు తూకం రోజు. తండా నుంచి వచ్చే ఒక పిల్లాడు పోయిన నెల కంటే అరకిలో తగ్గాడు. నేను వాళ్లమ్మ మీద విరుచుకుపడ్డాను. "అరకిలో అంటే ఆటనుకుంటున్నవా? పిల్లగాడు తిన్నది ఏడ పోతుంది? ఇప్పుడే దవాఖానకు పో, రేపు మాపు అంటే ఊకోను" అని గట్టిగా కేకలేసి, ఆశా కార్యకర్తను వెంట పంపించేదాకా వదలలేదు. అత్తమ్మ మూలన కూర్చుని ఇదంతా చూసింది. ఆ సాయంత్రమే బెల్లం తూకం.

జాతర ముందు మా బజార్లో బెల్లం దుకాణాల ముందు పందిరి వేసి పెద్ద కాంటా వేలాడదీస్తారు. గొలుసులకు మామిడాకులు, పళ్లేలకు పసుపు, కుంకుమ. బెల్లం సారాకు పోకూడదని సర్కారు పెట్టిన నియమం ప్రకారం ఆధార్ కార్డు చూపించి పేరు రాయించుకుని వరసలో నిలబడ్డాం. మా ముందు ఒక చంటిపిల్లను తూచారు, పిల్ల ఏడ్చింది, అందరూ నవ్వారు. తర్వాత మా ఆయన వంతు. కాంటాకు దండం పెట్టి, ఒక పళ్లెంలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. దుకాణం అతను పది కిలోల ముద్దలు ఒక్కొక్కటే ఎత్తి రెండో పళ్లెంలో పెడుతున్నాడు. పోయిన జాతరకు ఎనిమిది ముద్దలు పెట్టినా పళ్లెం లేవలేదు. ఇంకో రెండు కిలోల ముక్క వేస్తే లేచింది. ఆ సంగతి దుకాణం అతనికీ గుర్తుంది.

ఐదో ముద్ద పెట్టాడు. ఆరో ముద్ద పెట్టాడు. మా ఆయన కూర్చున్న పళ్లెం కొద్దిగా కదిలింది. ఏడో ముద్ద పెట్టగానే ఆయన గాల్లోకి లేచాడు. ఒక ఊపులో లేచి అటూ ఇటూ ఊగాడు. దుకాణం అతను ఆశ్చర్యపోయి ఏడో ముద్ద తీసేసి, కత్తితో కొట్టి ఒక ముక్క వేశాడు. ఆరు ముద్దలు, ఒక ఆరు కిలోల ముక్క. పదహారు కిలోలు తక్కువ.

"టీచరమ్మా, నీ నడక ముచ్చట్లు మా దుకాణానికే ఎసరు పెట్టినయి గదా!" అని దుకాణం అతను పెద్దగా నవ్వాడు. వరసలో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఒకామె నా భుజం తట్టింది. "మా ఆయనకు గూడ జర జెప్పు అక్కా, మూడు పూటలు బువ్వనే" అంది. నేను నవ్వాను. నవ్వుతూనే లెక్క వేసుకున్నాను. ప్యాంటు వదులైందంటే నాలుగైదు కిలోలనుకున్నాను. పదహారు కిలోలని నాకు తెలియదు. ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా ఆయన్ను కాంటా ఎక్కించలేదు. రోజూ పిల్లలను ఎక్కించే కాంటా నా సెంటర్లోనే ఉంది, పెద్దవాళ్లను తూచేది కూడా ఉంది. నేనే ఎక్కించలేదు.

అత్తమ్మ నవ్వలేదు. మొదట దుకాణం అతని మీద లేచింది. "నీ కాంటా తప్పు జూపెడ్తుంది. ఇంకో ముద్ద పెట్టు" అంది. కాంటా సరిగానే ఉందవ్వా అని అతను తూకపు రాళ్లు పెట్టి చూపించాడు. అప్పుడామె కొడుకు దగ్గరికి పోయి చొక్కా మీదనే వీపు తడిమింది. చెయ్యి అక్కడే ఆగింది. చలికాలం నిండా చొక్కా, స్వెట్టర్, తువ్వాల. ఆ బట్టల కింద ఏముందో ఆమె చేతికి తెలిసింది. నా వైపు తిరిగి మెల్లగానే అడిగింది.

"పొద్దుగాల గా పిల్లగాడు అరకిలో తగ్గితే గంత లొల్లి జేస్తివి. నా కొడుకు గింత తగ్గితే నువ్వెట్ల నవ్వుతున్నవ్ బిడ్డా?"

చప్పట్లు ఆగిపోయాయి.  ఆమె తిట్టి ఉంటే ఏదో ఒకటి అనేదాన్ని, నాకు నోరు తక్కువేం కాదు. కానీ ఆమె గొంతులో కోపం లేదు, అర్థం కాక అడిగింది అంతే. అంతమందిలో తల వంచుకుని నేల చూస్తూ నిలబడ్డాను.

ఇంటికొచ్చాక అత్తమ్మ పట్టు పట్టింది, రేపు పొద్దున్నే దవాఖానకు పోవాలని. మా ఆయన ససేమిరా అన్నాడు. "యాసంగి నాట్లు నడుస్తున్నయి అవ్వా. దుకాణంల పది మోటార్లు పడున్నయి. జాతర అయినంక పోదాం, మొక్కు గూడ చెల్లుతది" అన్నాడు. ఇంకో ఐదు రోజులు. ఇక్కడ నేను ఏమనుకున్నానో ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆ మాట వినగానే నాకు హాయిగా అనిపించింది. ఐదు రోజులు ఏమీ తెలియకుండా బతకొచ్చు. ఐదు రోజులు ఆయన ఇట్లాగే ఉంటాడు, మాట్లాడతాడు, నన్ను ఆటపట్టిస్తాడు. "మొక్కు అయినంక పోతే ఏంది అత్తమ్మా" అని నేనే అన్నాను.

అత్తమ్మ బెల్లం ముద్దల పక్కనే కూర్చుని ఉంది. "మొక్కింది నేను. తల్లి నా మాట వింటది, ఆగుతది. వీని రోగం ఆగుతదా?" అంది. దుప్పటి కప్పుకుని పడుకుంది. తెల్లవారేసరికి ఆమె తయారై గుమ్మంలో నిలబడి ఉంది. మా ఆయన వాళ్లమ్మకు ఎదురు చెప్పగలడు గానీ ఆమె కొంగుతో కళ్లొత్తుకుంటే మాత్రం తట్టుకోలేడు.

మండల దవాఖానలో అందరూ నాకు తెలిసినవాళ్లే. టీకాల రోజు పిల్లల్ని తీసుకుపోతుంటాను కదా. "ఏంది టీచరమ్మా, ఇయ్యాల పెద్ద పిల్లగాన్ని పట్టుకొచ్చినవ్" అని సిస్టర్ నవ్వింది. వేలికి సూది గుచ్చి చుక్క రక్తం పట్టీ మీద తీసుకుంది. ఐదు సెకన్లే పడుతుంది ఆ మిషన్‌కు. ఆ ఐదు సెకన్లూ నేను గోడ మీద ఉన్న బల్లిని చూశాను. నాకు మా బాపు చేతికి చుట్టిన పట్టీ కనిపించింది. సిస్టర్ మిషన్‌ను దగ్గరికి తెచ్చుకుని చూసింది, ఇంకో పట్టీ తీసి మళ్లీ గుచ్చింది. నేను తిరిగి చూసేసరికి మిషన్ మీద అంకె లేదు. హై అని మాత్రం ఉంది. అంకె చూపించే హద్దు దాటితే మిషన్ అట్లా చూపిస్తుందని నేను శిబిరాల్లో విన్నాను. ఇరవై ఏళ్లలో నేను దాన్ని చూడటం అదే మొదటిసారి.

డాక్టరమ్మ వచ్చింది. చిన్నపిల్ల, మా బిడ్డ వయసుకు నాలుగైదేళ్లు ఎక్కువ ఉంటుందేమో. మా బిడ్డ హనుమకొండలో డిగ్రీ చదువుతోంది. డాక్టరమ్మ ఎక్కువ ప్రశ్నలు అడగలేదు. "సాక్సులు తీయండి" అంది. మా ఆయన కాళ్లు స్టూలు కిందికి లాక్కున్నాడు. "కాళ్లకేం లేదు మేడం, బాగనే ఉన్నయి" అన్నాడు. ఆయన అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. ఇరవై మూడేళ్లుగా చూస్తున్నాను. అప్పుడు ఎర్రబడ్డాయి.

సిస్టర్ కిందికి వంగి కుడికాలి సాక్సు మెల్లగా లాగింది. ముందు వాసన వచ్చింది. చిటికెన వేలు, దాని పక్క వేలు నల్లగా అయిపోయి ఉన్నాయి. పాదం పక్క పసుపు పూసి పూసి చర్మం గట్టిపడి, దాని కింద చీము. అత్తమ్మ "అయ్యో తల్లీ" అని గోడ పట్టుకుని కూలబడింది. నేను కూలబడలేదు. అట్లాగే చూస్తూ నిలబడ్డాను. ఆ కాలు మా ఇంట్లోనే ఉంది, నా మంచం మీదే ఉంది, ఎన్నాళ్ల నుంచి ఉందో నాకు తెలియదు.

అంబులెన్సులో భూపాలపల్లికి, అక్కడి నుంచి వరంగల్‌కు. దారి పొడుగునా జాతరకు పోయే బండ్లు, డప్పులు, నెత్తి మీద బెల్లం ముద్దలు. మా ఆయన దాహం దాహం అంటున్నాడు. శ్వాస బరువుగా తీస్తున్నాడు, మధ్యమధ్య కళ్లు మూతలు పడుతున్నాయి. నేను ఆయన చెంపల మీద తడుతూ పిలుస్తూనే ఉన్నాను. నలభై ఏడు నిండడానికి ఇంకా ఒకటిన్నర నెల ఉంది. నెలలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను, ఆ లెక్క ఎందుకో నాకే తెలియదు.

వరంగల్ దవాఖానలో మొదటి రెండు రోజులు ఎవరూ ఏదీ గట్టిగా చెప్పలేదు. సెలైన్, ఇన్సులిన్, గంటగంటకు సూది. వేళ్లు తీసేయాలన్నారు. వేళ్లతో ఆగుతుందో, పాదం కూడా పోతుందో, మోకాలి దాకా పోతుందో రెండు రోజులు ఆగితే గాని చెప్పలేమన్నారు. ఆ రెండు రోజులు నేను వార్డు బయట బెంచీ మీద కూర్చుని చేసిన పని ఒక్కటే. నర్సు తలుపు తీసినప్పుడల్లా లేచి నిలబడటం. ఆమె ఇంకెవరినో పిలిస్తే కూర్చోవడం. అత్తమ్మ తన బంగారాన్ని పక్కింటివాళ్లతో జాతరకు పంపించింది. తల్లి గద్దె మీదికి వచ్చిన రోజు ఆమె నా పక్కనే బెంచీ మీద ఉంది.

రెండు వేళ్లు తీసేశారు. పాదం నిలిచింది. మూడో రోజు ఆయనకు పూర్తిగా తెలివి వచ్చింది. రౌండ్స్‌కు వచ్చిన పెద్ద డాక్టరు కేసు షీటు చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇన్ని నెలలు ఇంట్లో ఎవరూ చూసుకోలేదా?" అని అడిగాడు. మా ఆయన నీరసంగానే ఉన్నా దిండు మీద కొంచెం పైకి జరిగాడు.

"లేదు సార్. మా ఇంటామె చానా జాగ్రత్త మనిషి. అంగన్‌వాడీ టీచర్. తిండి, నడక, నీళ్లు అన్ని పద్ధతి ప్రకారం జేస్తది. తప్పు నాదే" అన్నాడు.

డాక్టరు పోయాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన మంచం మీద తల పెట్టి చీమల సంగతి చెప్పేశాను. సుద్ద గీసిన సంగతి, రోజూ ముందే లేచి కడిగిన సంగతి అంతా.  ఆయన అనవలసిన మాటలు చాలా ఉన్నాయి, ఏది అన్నా పడాలనే కూర్చున్నాను. ఆయన చెయ్యి నా తల మీద పడింది.

"ముల్లు గుచ్చుకుని నెలా పదిహేను రోజులైంది" అన్నాడు. "గ్రౌండ్ల, చెప్పులిడిసి నడిచేటప్పుడు. గుచ్చుకున్నట్టు గూడ తెల్వలే. ఇంటికొచ్చి కాళ్లు కడిగితే నెత్తురు కనపడ్డది. నొప్పి లేదు, అదే నాకు భయమైంది. చెప్దామనే వచ్చిన. నువ్వు రొట్టెలు చేస్తున్నవ్. చెప్తే నువ్వు అన్నం ముట్టవు. నిద్ర పోవు. మీ బాపు ముచ్చట తీసి తెల్లందాక ఏడుస్తవ్. నీ మొఖం జూసి చెప్పబుద్ధి గాలే. తగ్గుతదిలే అని సాక్సు ఏసుకున్న."

నా భయం వల్ల నాకొక్కదానికే నష్టం అనుకున్నాను ఇన్నేళ్లూ. పక్కన పడుకున్న మనిషి కాలు కుళ్లుతుంటే నోరు విప్పలేకపోయాడు, నేను భయపడతానని. అది విన్నప్పుడు నేను పడ్డ బాధ ఆ నల్లటి వేళ్లు చూసినప్పుడు కూడా పడలేదు.

ఇంటికొచ్చి ఏడు నెలలైంది. పొద్దున, సాయంత్రం ఇన్సులిన్ నేనే వేస్తాను. ఇప్పటికీ నడుస్తాడు, చెప్పులతో, కొంచెం కుంటుతూ. జొన్నరొట్టెలు తింటాడు. బాగా చెయ్యనందుకు తిడతాడు కూడా. ఊళ్లో ఎవరైనా ఆరోగ్యానికి ఏం చేయాలి టీచరమ్మా అని అడిగితే ఇప్పుడు పావుగంట చెప్పను. ముందు పరీక్ష చేయించుకో, తర్వాత నడువు, చెప్పుల్లేకుండా నడవకు, బరువు దానంతటదే తగ్గుతుంటే సంతోషపడకు. ఇంతే. గ్రౌండ్‌కు వచ్చేవాళ్లందరినీ నేనే వరసపెట్టి సెంటర్‌కు తీసుకొచ్చి పరీక్ష చేయించాను. ముందు నా వేలు ఇచ్చాను. చెయ్యి వెనక్కు లాక్కుంటుంటే సిస్టర్ గట్టిగా పట్టుకోవాల్సి వచ్చింది.

ప్రతి పొద్దున ఆయన మంచం అంచున కూర్చుని రెండు కాళ్లూ నా ఒళ్లో పెడతాడు. వేళ్ల మధ్య, మడమ, అరికాలు అంతా చూస్తాను. నాకు ఆ పని అలవాటు కాలేదు. ప్రతి రోజూ సాక్సు తీసేటప్పుడు భయమేస్తుంది. మొఖం మీద కనపడనివ్వకూడదని పళ్లు బిగించుకుంటాను.

మొన్న మంగళవారం నేను ఎడమకాలి సాక్సు తీయబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు చూడకముందే చెప్తున్న. నిన్న సందెల నుంచి ఎడమ అరికాలు మొద్దుబారినట్టుంది. బొటనవేలు కింద ఒక పొక్కు లేచింది" అన్నాడు.

  ఈ కాలు కూడానా అనుకున్నాను. పదిహేను రోజులకొకసారి చూపించుకునే డాక్టరు భూపాలపల్లిలో ఉన్నాడు. తొమ్మిదింటికి వస్తాడు, ఇప్పుడు బయలుదేరితే అందుకుంటాం. లేచి ఫైలు తీశాను, పర్సు తీశాను. సెంటర్ తీసి పిల్లలను కూర్చోబెట్టమని ఆయాకు ఫోన్ చేశాను. గొంతు మామూలుగానే వచ్చింది. కానీ గుమ్మం దాటి తాళం వేయబోతే తాళంచెవి రంధ్రంలోకి పోలేదు.  మూడుసార్లు ప్రయత్నించాను.

ఆయన నా చేతిలోంచి తాళంచెవి తీసుకుని తాళం వేశాడు.

"భయమైతుందా?" అన్నాడు.

లేదు అనబోయాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"చానా అయితుంది" అన్నాను. "అయినా చెప్పు. నేను ఏడ్చినా చెప్పు. బువ్వ తినకున్నా చెప్పు."

ఆయన తల ఊపి, నా భుజం మీద చెయ్యేసి, పొక్కు లేచిన కాలు ముందు పెట్టి మెట్లు దిగాడు.